ఓటు అడిగిన ఓటరు

నవంబరులో ఆ మంగళవారం ఉదయం హాలోవెల్ కౌంటీలో పోలింగ్ కేంద్రాలకి బయల్దేరిన వాళ్ళు వేలమంది. వాళ్ళలో ఓటు వేద్దామని బయల్దేరిన మనిషి మాత్రం ఒక్కరే. ఆ మనిషి పేరు మజ్జి కనకమహాలక్ష్మి. ఆ సంగతి ఆవిడకి తెలియదు. తెలిసుంటే ఇంకాస్త మంచి చీర కట్టుకునేది.

కనకమహాలక్ష్మిది అనకాపల్లి. అమెరికా నడిబొడ్డున, చుట్టూ మొక్కజొన్న తప్ప మరేమీ కనిపించని ఆ కౌంటీకి కాపురానికొచ్చి చాలా ఏళ్ళయింది. భర్త సింహాద్రి పాలపొడి ఫ్యాక్టరీలో ఇంజనీరు. తెల్లారకముందే కారేసుకుని వెళ్ళిపోతాడు. ఆవిడ ఊరికి అవతలి చివరనున్న ప్రాథమిక పాఠశాల వంటగదిలో పనిచేస్తుంది. పిల్లలకి మధ్యాహ్నం పెట్టే మెత్తటి, చప్పటి తిండిలోకి రహస్యంగా కాస్త జీలకర్ర దంచి వేసింది కూడా ఆవిడే. ఆ రోజు నుంచి పిల్లలు పళ్ళేలు నాకేస్తున్నారు. ఎందుకో హెడ్‌మిస్ట్రెస్‌కి ఇప్పటికీ అంతుబట్టలేదు.

ఇంటికీ బడికీ మధ్య ఉన్న ఒకే ఒక్క దారం ఆరో నంబరు బస్సు. ఎందుకంటే కనకమహాలక్ష్మికి డ్రైవింగ్ రాదు. నేర్చుకోలేదని కాదు. నేర్చుకుంది. నేర్చుకునే రోజుల్లో వీధిలో ముగ్గురి పోస్టు డబ్బాలు పడగొట్టింది. వాటిలో ఒకటి పోస్టుమాస్టరుగారిది. లైసెన్సు పరీక్ష పెట్టే ఆయన ఆఖరిసారి ఆవిడ పక్క సీట్లో కూర్చుని, కారు స్టార్టు చెయ్యకముందే కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు. అంతటితో ఆవిడ ఆ చదువుకి స్వస్తి చెప్పింది.

అలాంటి సమయంలో బస్సు డ్రైవరు లూథర్ ఒక సాయంత్రం ఆవిడని దింపుతూ పిడుగులాంటి వార్త చెప్పాడు. లూథర్ నెరిసిన మీసాలాయన. ఎవరెక్కినా పేరు పెట్టి పలకరిస్తాడు. ఎక్కేవాళ్ళు తక్కువ కాబట్టి అది పెద్ద కష్టం కాదు. ఆరో నంబరు బస్సు ఉంచాలా, తీసెయ్యాలా అన్నది వచ్చే నవంబరు ఎన్నికల్లో జనాన్నే అడగబోతున్నారని చెప్పాడాయన. బ్యాలెట్‌లో నాలుగో ప్రశ్న. 'అవును' అన్న ఓట్లు ఎక్కువొస్తే బస్సు ఉంటుంది. రాకపోతే క్రిస్మస్‌తో సరి.

ఆ రాత్రి భోజనాల దగ్గర కనకమహాలక్ష్మి భర్తని అడిగింది.

"ఏటండీ, ఇక్కడ ఓటెయ్యాలంటే ఏటి చెయ్యాలి?"

"ముందు ఈ దేశపు మనిషివి అవ్వాల. ఇన్నాళ్ళూ మా ఊరి పాస్‌పోర్టు వదల్నని మంకుపట్టు పట్టినావు కదేటి."

"అయితే అయిపోతాను."

సింహాద్రి ముద్ద ఆపి చూశాడు. "బస్సు కోసం దేశం మార్చేస్తానంటున్నావు. నాకోసం వారానికో కూర మార్చమంటే మాత్రం మార్చవు."

ఆవిడ మాట మీద నిలబడింది. కాగితాలు పెట్టింది, పరీక్షకి చదివింది. ఇంటర్వ్యూలో అధికారి పౌరసత్వం ఎందుకు కోరుతున్నారని అడిగితే ఆరో నంబరు బస్సు కోసమని ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన చాలామంది నోట స్వేచ్ఛ, సమానత్వం, అవకాశం అన్న మాటలు విని విసిగిపోయి ఉన్నాడేమో, కలం పక్కన పెట్టి మొదటిసారి నవ్వాడు. వేసవి వచ్చేసరికి ఆవిడ చెయ్యెత్తి ప్రమాణం చేసి వచ్చేసింది. ఇక నవంబరే తరువాయి.

సరిగ్గా అప్పుడే కౌంటీ ఎన్నికల కార్యాలయం నిద్ర లేచింది.

ఆ కార్యాలయానికి అధిపతి మిస్టర్ వెండెల్ ప్రూట్. పొడుగాటి మనిషి, పొట్టి టై. ఆయన హయాంలో హాలోవెల్ కౌంటీలో ఓటింగ్ ఏటేటా తగ్గుతూ నూటికి పంతొమ్మిది దగ్గర ఆగింది. అక్కడైనా ఎందుకు ఆగిందంటే, ఆ పంతొమ్మిది మంది వేరే పని లేనివాళ్ళు. దాని గురించి ఎవరూ బెంగ పెట్టుకోలేదు. అయితే ఆ ఏడు రాష్ట్ర ప్రభుత్వం ఒక ఆజ్ఞ జారీ చేసింది. అతి తక్కువ మంది పాల్గొన్న కౌంటీ ఎన్నికల కార్యాలయాన్ని పక్క కౌంటీ కార్యాలయంలో కలిపేస్తారట. పక్కనున్నది బ్రిగ్స్ కౌంటీ. అక్కడి అధికారిణి మిస్టర్ ప్రూట్‌కి మాజీ భార్య.

మిస్టర్ ప్రూట్ ఆ వారంలోనే నగరం నుంచి ఒక నిపుణురాలిని రప్పించాడు. పేరు డాక్టర్ సిబిల్ ఆష్‌వర్త్. జనం ఎవరూ తొంగిచూడని ఒక షాపింగ్ మాల్‌ని జనంతో కిటకిటలాడించిన ఘనత ఆవిడది. అక్కడ ఎవరూ ఏమీ కొనలేదనీ, మాల్ మూతపడిందనీ గిట్టనివాళ్ళు అంటారు. కిటకిటలాడడం మాత్రం నిజం.

డాక్టర్ ఆష్‌వర్త్ తన పరిశోధన ఫలితాలని ఫైర్‌స్టేషన్ హాల్లో ప్రజల ముందు పెట్టిన రోజున కనకమహాలక్ష్మి మొదటి వరుసలో కూర్చుంది. బస్సు గురించి అడుగుదామని వెళ్ళింది. అడిగే సందు దొరకలేదు.

"మాన్య పౌరులారా," అని మిస్టర్ ప్రూట్ మొదలుపెట్టాడు. "ప్రజాస్వామిక ప్రక్రియలో పౌరుల భౌతిక ఉపస్థితిని గరిష్ఠ స్థాయికి పెంపొందించే దిశగా ఈ కార్యాలయం అవరోధ నిర్మూలన దృక్పథాన్ని అవలంబించింది."

డాక్టర్ ఆష్‌వర్త్ దాన్ని విడమరిచి చెప్పింది. ఓటు వెయ్యని వాళ్ళని వందలమందిని పిలిచి కాఫీ ఇచ్చి కారణం అడిగారట. పార్కింగ్ దొరకదని కొందరన్నారు. వరుసలో నిలబడలేమని కొందరన్నారు. కానీ అందరికన్నా ఎక్కువమంది చెప్పిన కారణం మరొకటి. లోపలికి వెళ్ళాక ఒక బారెడు కాగితం చేతిలో పెడతారు. జడ్జీలు, శవపరీక్షాధికారి, మురుగు కాలవల కమిషనరు, దోమల నివారణ మండలి సభ్యులు అంటూ రెండు వైపులా పేర్లుంటాయి. వాళ్ళెవరో తెలియదు. తెలియని వాళ్ళ పేర్ల ముందు సున్నాలు నింపుతూ కూర్చుంటే పరీక్ష హాల్లో కూర్చున్నట్టు చెమటలు పడతాయి. అందుకని రారు.

"కాబట్టి," అని డాక్టర్ ఆష్‌వర్త్ తెర మీద ఒక ఎర్ర బొమ్మ చూపించింది, "ఓటరు పోలింగ్ కేంద్రానికి రాకుండా అడ్డుపడుతున్న అతి పెద్ద అవరోధం ఓటు."

హాలంతా చప్పట్లు కొట్టింది. కనకమహాలక్ష్మి తన ఇంగ్లీషు మీద అనుమానం వచ్చి పక్కావిడని అడిగింది. సరిగ్గానే విన్నావని పక్కావిడ చప్పట్లు కొడుతూనే చెప్పింది.

అవరోధాన్ని ఒక్కసారిగా తీసేశారనుకుంటే పొరపాటు. అంతా దశలవారీగా, పద్ధతి ప్రకారం జరిగింది. ఆగస్టులో వచ్చిన చిన్న ఎన్నికలో మొదటి దశ అమలు చేశారు. 'నేను ఓటేశాను' అన్న స్టిక్కరు అంతకు ముందు ఓటేసి బయటికొచ్చేటప్పుడు ఇచ్చేవాళ్ళు. ఈసారి లోపలికి వచ్చేటప్పుడే ఇచ్చారు. సగం మంది స్టిక్కరు అంటించుకుని, గుమ్మంలోంచే ఫోటో తీసుకుని వెనక్కి తిరిగారు. ఎంతమంది వచ్చారన్నది గుమ్మానికి బిగించిన మర కన్ను లెక్క పెడుతుంది కనుక అంకె నలభైకి ఎగబాకింది. మిస్టర్ ప్రూట్ ఆ రాత్రి చాలా ఏళ్ళ తర్వాత ఈల వేశాడట.

రెండో దశలో డోనట్లు ఇద్దామన్నారు. చక్కెర పాకంలో ముంచిన గారెలాంటిదే డోనట్. కాకపోతే దానికోసం అమెరికన్లు ఎంతదూరమైనా వస్తారు. ఇక్కడ కౌంటీ న్యాయ సలహాదారు మిస్టర్ ఫిన్లే అడ్డుపడ్డాడు. ఓటు వేసినందుకు ప్రతిఫలంగా ఎవరికైనా ఏదైనా ఇస్తే నేరమని చట్టం చెబుతోంది. అది డోనట్ కావచ్చు, డోనట్ మధ్యలో బొక్క కావచ్చు.

ఈ సంగతి వినగానే సింహాద్రి పొట్ట పట్టుకుని నవ్వాడు. "మన వైపు కుంకం బరిణె దగ్గర్నుంచి కుక్కర్ దాకా ఇంటికి తెచ్చి ఇచ్చేవోరు. ఈళ్ళు ఒక గారె ముక్కకి ఇంత బాధపడతన్నారేటి?"

కానీ మిస్టర్ ఫిన్లే బుర్ర తక్కువదేమీ కాదు. రెండు రోజులు చట్టం తిరగేసి ఆయనే దారి కనిపెట్టాడు. ఓటు వేసిన వాడికి డోనట్ ఇస్తే నేరం. ఓటు వెయ్యని వాడికి డోనట్ ఇస్తే అది కేవలం ఆతిథ్యం. దాన్ని ఏ చట్టమూ అడ్డుకోదు. అందుచేత నవంబరు ఎన్నికల్లో కౌంటీ పౌరులందరికీ నిశ్చింతగా డోనట్లు పంచాలంటే, నేర ప్రమేయం ఏమాత్రం లేకుండా ఉండాలంటే, ఎవరూ ఓటు వెయ్యకుండా చూస్తే చాలు.

ఒకే దెబ్బకి అవరోధమూ పోయింది, నేరమూ పోయింది. బ్యాలెట్లు ముద్రించే పని మానేశారు. ఆ కాగితంతో డోనట్ల పొట్లాలు చేయించారు.

*

ఎన్నికల రోజు ఆరో నంబరు బస్సు కిక్కిరిసిపోయింది. పుట్టిన తర్వాత మొదటిసారి బస్సెక్కిన వాళ్ళు కూడా ఉన్నారందులో. కనకమహాలక్ష్మికి కళ్ళు చెమర్చాయి. ఇంతమంది తన బస్సు కోసం ఓటెయ్యడానికి కదిలొచ్చారే అనుకుంది. ఒక పిల్లవాడు తన కుక్కని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ కుక్క మెడకి అప్పుడే 'నేను ఓటేశాను' అన్న స్టిక్కరు ఉంది. ఆవిడ అదేదో సరదా అనుకుంది.

హైస్కూలు జిమ్‌లో తిరనాళ్ళ సంరంభం. బయట ఆవరణలో గాలి నింపిన రబ్బరు కోటలో పిల్లలు ఎగురుతున్నారు. లోపల ఒక మూల గుమ్మడికాయల పోటీ, ఇంకో మూల ఫ్లూ టీకాలు. గుమ్మం దగ్గర మర కన్ను క్షణానికోసారి కిర్రుమంటోంది. రబ్బరు కోట బయటా డోనట్లు లోపలా ఉండడంతో పిల్లలు లోపలికి వచ్చిన ప్రతిసారీ అది వాళ్ళని కొత్త ఓటర్లుగా లెక్క వేసుకుంటోంది.

డోనట్ల బల్ల వెనక మిసెస్ డొలోరెస్ హంట్ నిలబడి ఉంది. కనకమహాలక్ష్మి వీధే. అప్పట్లో పడిపోయిన మూడు పోస్టు డబ్బాల్లో ఒకటి ఆవిడదే. అయినా మనసులో పెట్టుకోని మనిషి. పొట్లంలో ఒక డోనట్ పెట్టి, పైన స్టిక్కరు అంటించి అందించి, తర్వాతి మనిషి వైపు చూసింది.

కనకమహాలక్ష్మి కదల్లేదు. "బ్యాలెట్ ఇవ్వండి," అంది.

మిసెస్ హంట్ బల్ల మీదున్న పెట్టెలన్నీ వెతికింది. "ఆ రకం రాలేదు బంగారూ. కారమెల్ ఉంది, చాకొలెట్ ఉంది."

తను వచ్చింది ఓటెయ్యడానికని కనకమహాలక్ష్మి వివరించింది. మిసెస్ హంట్ అర్థమైనట్టు తలూపి, మూలనున్న గుడ్డ గదిని చూపించింది. ఆవిడ సంతోషంగా అటు వెళ్ళింది. లోపలికి అడుగు పెట్టగానే కళ్ళు మిరుమిట్లు గొలిపేలా ఫ్లాష్ వెలిగింది. అది ఓటు వేస్తున్నట్టు ఫోటో తీసే గది. ఫోటో తీసే కుర్రాడు, కలం పట్టుకుని కొంచెం ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టమని సలహా ఇచ్చాడు. మీదికి చూస్తే ఇంకా బాగుంటుందన్నాడు.

అప్పటికి ఆవిడకి విషయం బోధపడింది. ఎవరూ ఓటు వెయ్యడం లేదు. ఎవరూ వెయ్యకపోతే 'అవును' అన్న ఓట్లు ఎక్కువ ఎలా వస్తాయి? క్రిస్మస్ తర్వాత ఆరో నంబరు బస్సు ఉండదు. బడి ఉండదు. జీలకర్ర ఉండదు.

ఆవిడ తిరిగొచ్చి, డోనట్ల బల్లకి సరిగ్గా ఎదురుగా, వరుసకి మొదట్లో నిలబడింది. బ్యాలెట్ ఇచ్చేదాకా ఇక్కణ్ణుంచి కదలనని చెప్పింది.

రెండు నిమిషాల్లో మిస్టర్ ప్రూట్ స్వయంగా వచ్చాడు.

"మేడమ్, మీ భాగస్వామ్యం విజయవంతంగా నమోదైంది. ఈ కార్యాలయం మీకు కృతజ్ఞతాపూర్వక అభినందనలు తెలియజేస్తోంది."

"నేను ఇంకా ఓటు వెయ్యలేదు."

"అది పూర్తిగా మీ వ్యక్తిగత విషయం. మన దేశంలో ఓటు పరమ రహస్యం. మీరు ఎవరికి వేశారో మేం ఏనాడూ అడగలేదు. ఇప్పుడు ఆ గోప్యతని మరింత పటిష్ఠం చేశాం. అసలు వేశారో లేదో కూడా అడగడం లేదు."

"మరి ఓట్లు లేకపోతే ఎవరు గెలిచారో ఎలా తెలుస్తుంది?"

మిస్టర్ ప్రూట్ జాలిగా చూశాడు. "మేడమ్, గెలుపోటములు సమాజాన్ని విడదీస్తాయి. పాల్గొనడం కలుపుతుంది."

ఆయన ఇంకా చెప్పేవాడే. ఈలోగా వెనకనుంచి గోల మొదలైంది. వరుస జిమ్ దాటి, గుమ్మం దాటి, పార్కింగ్ స్థలంలోకి పాకింది. గుమ్మం దగ్గర మర కన్ను కిర్రుమనడం ఆగిపోయింది. జనం లోపలికి రావడం లేదు. డాక్టర్ ఆష్‌వర్త్ చేతిలో స్టాప్‌వాచీతో పరిగెత్తుకొచ్చింది. మనిషికి ఇన్ని సెకన్లని లెక్క కట్టి పెట్టుకున్న పథకమంతా ఒక చీర కట్టుకున్న మనిషి దగ్గర నిలిచిపోయింది. డాక్టర్ ఆష్‌వర్త్ మిస్టర్ ప్రూట్ చెవిలో ఒక ముక్క చెప్పింది. బ్రిగ్స్ కౌంటీలో నూటికి తొంభై ఒకటి వచ్చేసిందట. అక్కడ పంచుతున్నవి పిజ్జాలట.

మాజీ భార్య కౌంటీ పేరు వినగానే మిస్టర్ ప్రూట్ మొహం ఎలా పాలిపోయిందో మిసెస్ హంట్ తర్వాత వారం రోజులపాటు వీధంతా నటించి చూపించింది.

"ఆవిడకేం కావాలో ఇచ్చి పంపించెయ్యండయ్యా," అని వెనకనుంచి ఒక లావుపాటి రైతు అరిచాడు. "డోనట్లు చల్లారిపోతున్నాయి."

ఇద్దామంటే బ్యాలెట్లు లేవు. కాగితమంతా పొట్లాలైపోయింది. చివరికి ఒకటి దొరికింది. ఫోటోల కోసం గోడకి కట్టిన తెర ఉంది. అది అసలు బ్యాలెట్టే, జనం వెనక అందంగా కనబడాలని ఇంటి గోడంత పెద్దదిగా ముద్రించారు. జడ్జీల దగ్గర్నుంచి దోమల మండలి దాకా అందరి పేర్లూ ఉన్నాయి. అడుగున నాలుగో ప్రశ్న కూడా ఉంది. ప్రతి పేరు పక్కన ఫుట్‌బాల్ అంత సున్నా.

మిస్టర్ ఫిన్లే చట్టం ఆలోచించాడు. బ్యాలెట్ ఎంత చిన్నదిగా ఉండాలో ఎక్కడా రాయలేదన్నాడు. కాకపోతే ఓటు వేసే మనిషి దగ్గర డోనట్ ఉండకూడదు. ఉంటే అది లంచం. కనకమహాలక్ష్మి పొట్లం తిరిగిచ్చేసింది. స్టిక్కరు కూడా పీకి ఇచ్చేసింది. ఇచ్చినట్టు సంతకం తీసుకున్నారు. రహస్యం కోసం రబ్బరు కోట మీది టార్పాలిన్ పట్టా తెచ్చి, ఇద్దరు ఫైర్ సిబ్బంది దాన్ని చెరో వైపూ ఎత్తి పట్టుకుని మొహాలు అటు తిప్పుకున్నారు. గోడకి నిచ్చెన వేశారు. పిల్లలు గుమ్మడికాయలకి రంగులు వేస్తున్న చోటినుంచి నల్లరంగు డబ్బా, కుంచె వచ్చాయి.

ముందుగా ఆవిడ నేల మీద మోకరిల్లి, నాలుగో ప్రశ్న పక్కన 'అవును' ముందున్న సున్నాని అంచుల దాకా నిండుగా, ముగ్గు దిద్దినంత శ్రద్ధగా నింపింది. పని అయిపోయింది. కుంచె డబ్బాలో పెట్టేసింది.

అప్పుడు పట్టా అవతలినుంచి ఎవరో దగ్గారు.

"మేడమ్, నా పేరు గ్యారీ టోల్బర్ట్. దోమల నివారణ మండలికి పోటీ చేస్తున్నాను. మీరు తొందరలో లేకపోతే..."

వరుసలో డోనట్ల కోసం నిలబడ్డ వాళ్ళలో అభ్యర్థులు కూడా ఉన్నారు మరి. కౌంటీ మొత్తానికి పడబోయే ఓటు ఇదొక్కటేనని వాళ్ళకి ఒకరి తర్వాత ఒకరికి బుర్రలో వెలిగింది. మురుగు కాలవల కమిషనరు పదవికి నిలబడ్డాయన పరిగెత్తుకొచ్చి నిచ్చెన పట్టుకున్నాడు. ఆయన మీద పోటీ చేస్తున్నావిడ నిచ్చెనకి రెండో కాలు పట్టుకుంది. శవపరీక్షాధికారి పదవికి నిలబడ్డ పెద్దమనిషి, తనకి ఓటేస్తే ఆవిడని ప్రత్యేక శ్రద్ధతో చూసుకుంటానని వాగ్దానం చేశాడు. ఆ వాగ్దానం ఆవిడకి నచ్చలేదు.

వాళ్ళ గురించి ఏమీ తెలియదు. అయినా ఇంతమంది నిచ్చెన పట్టుకుని నిలబడ్డాక ఊరికే వెళ్ళిపోవడం మర్యాద కాదనిపించింది. అందర్నీ కలిపి ఒకటే ప్రశ్న అడిగింది. మీలో ఆరో నంబరు బస్సు ఎక్కిందెవరు?

ఒక్కొక్కరూ తమ కార్ల గురించి చెప్పుకొచ్చారు. చివరికి గ్యారీ టోల్బర్ట్, తన ట్రక్కు చెడిపోయినప్పుడు ఒకసారి ఎక్కానని గొణిగాడు. కిటికీలోంచి మొక్కజొన్న బావుందన్నాడు. ఆవిడ నిచ్చెనెక్కి గ్యారీ సున్నా నింపి దిగిపోయింది. మిగతా వాళ్ళు నిచ్చెన వదిలేశారు. అదృష్టం బాగుండి అప్పటికి ఆవిడ నేల మీదే ఉంది.

సాయంత్రం మిస్టర్ ప్రూట్ ఫలితాలు ప్రకటించాడు. హాలోవెల్ కౌంటీలో నూటికి తొంభై ఏడు మంది పాల్గొన్నారు. బ్రిగ్స్ కౌంటీ తొంభై ఆరు దగ్గర ఆగిపోయింది. పిజ్జాలు అయిపోయాయట. నాలుగో ప్రశ్నకి ఒక ఓటు అనుకూలం, వ్యతిరేకం సున్నా. ప్రజలు ఆరో నంబరు బస్సుని ఏకగ్రీవంగా ఆమోదించారు. గ్యారీ టోల్బర్ట్ చరిత్రలో ఎన్నడూ లేని ఆధిక్యంతో దోమల మండలికి ఎన్నికయ్యాడు. మిగిలిన పదవులకి ఎవరికీ ఓటు రాలేదు. తన పదవికే మళ్ళీ నిలబడ్డ మిస్టర్ ప్రూట్‌కీ రాలేదు. అయితే ఆయన మీద ఎవరూ పోటీ చెయ్యలేదు. తనకి వ్యతిరేకంగా ఒక్క ఓటైనా పడకపోవడం ప్రజల అచంచల విశ్వాసానికి నిదర్శనమని ఆయన సవినయంగా స్వీకరించాడు.

సింహాద్రి ఆ రాత్రి పప్పు కలుపుకుంటూ, "కౌంటీకంతా రాణీవి నువ్వేనన్నమాట. రేపట్నుంచి నీకు దండం పెట్టి ఫ్యాక్టరీకెళ్తాను," అన్నాడు.

"దండం అక్కర్లేదు. కంచం తీసి సింకులో పడెయ్యండి చాలు."

*

కథ ఇక్కడితో అయిపోవలసింది. కానీ విజయం సాధించిన నిపుణుల్ని ఎవరూ ఊరికే ఇంటికి పంపరు. డాక్టర్ ఆష్‌వర్త్‌కి కౌంటీ వెంటనే మరో బాధ్యత అప్పగించింది. ప్రజలు ఇంత ఏకగ్రీవంగా కోరుకున్న ఆరో నంబరు బస్సులో ప్రయాణికులు ఎందుకు లేరో కనిపెట్టాలి.

ఆవిడ మళ్ళీ వందలమందిని పిలిచి కాఫీ ఇచ్చి అడిగింది. బస్సెందుకు ఎక్కరు? ఎక్కితే అది ఎక్కడికో తీసుకుపోతుంది, అక్కణ్ణుంచి మళ్ళీ తిరిగి రావాలని జనం చెప్పారు. ఎన్నికల రోజు మాత్రం బస్సు భలే బావుందనీ, డోనట్ల దాకా వెళ్ళి ఆగిపోయిందనీ చెప్పారు. ఆవిడ తెర మీద మళ్ళీ ఎర్ర బొమ్మ వేసింది. ప్రయాణికులు బస్సు ఎక్కకుండా అడ్డుపడుతున్న అతి పెద్ద అవరోధం, బస్సు కదలడం.

క్రిస్మస్ సెలవులు అయిపోయి బడి తెరిచిన రోజున కనకమహాలక్ష్మి మంచులో స్టాపు దగ్గర నిలబడింది. ఎంతసేపటికీ బస్సు రాలేదు. కాళ్ళు కొయ్యబారిపోయాక నడుచుకుంటూ కోర్టు కూడలి దాకా వెళ్ళింది. ఆరో నంబరు బస్సు అక్కడుంది. చక్రాలకి అడ్డంగా ఎర్ర రంగు వేసిన దిమ్మలు. కిటికీలకి రంగుల కాగితాలు. లోపల ఇసక వేస్తే రాలనంత జనం, వెచ్చగా కూర్చుని డోనట్లు తింటున్నారు. ఒక్కొక్కరి కోటు మీద 'నేను బస్సెక్కాను' అన్న స్టిక్కరు. మెట్టు దగ్గర మర కన్ను కిర్రుమంటోంది. ఆ నెల ప్రయాణికుల సంఖ్య రాష్ట్రంలోకెల్లా ఎక్కువని పక్కన బోర్డు చెబుతోంది.

డ్రైవరు సీట్లో లూథర్ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మీసాలు కూడా దిగులుగా వేలాడుతున్నాయి. ఆయన కోటు మీద కూడా స్టిక్కరుంది.

కనకమహాలక్ష్మి మెట్టెక్కి అడిగితే, కదలకూడదని ఆర్డరు వచ్చిందని చెప్పాడాయన. కదిలితే జనం దిగిపోతారట, అంకె పడిపోతుందట. ప్రజాభీష్టం ప్రకారమే నడుచుకోవాలని కాగితంలో రాశారట. అందులో రాసినదాన్ని దాటి చెయ్యడానికి తనెవరనుకుంటూ ఆయన ఇంజన్ తాళంచెవి వైపు చూశాడు.

చూసి, ఆగాడు. మెల్లిగా కనకమహాలక్ష్మి వైపు తిరిగాడు.

"ఈ కౌంటీలో ఓటేసింది నువ్వొక్కదానివే కదూ?"

"నేనొక్కదాన్నే."

లూథర్ సీట్లో సర్దుకుని కూర్చున్నాడు. కోటు మీది స్టిక్కరు పీకి అద్దానికి అంటించాడు. దిగి వెళ్ళి దిమ్మలు రెండూ తన్ని అవతల పారేసి వచ్చి తలుపు మూశాడు. వెనక ఎవరో డోనట్ నముల్తూ ఏం జరుగుతోందని అడిగారు. ఇంజను గుర్రుమంది. లూథర్ టోపీ సరిచేసుకున్నాడు.

"అయితే, ప్రజలు ఎక్కడికి వెళ్ళాలంటున్నారు?"

కనకమహాలక్ష్మి వెనక్కి తిరిగి చూసింది. డోనట్లు పట్టుకున్న ప్రజానీకం నోళ్ళు తెరుచుకుని ఆవిడ వైపే చూస్తోంది. చేతిసంచీలో జీలకర్ర సీసా ఉందో లేదో తడిమి చూసుకుని, ఎప్పుడూ కూర్చునే కిటికీ పక్క సీటు ఖాళీ చేయించి కూర్చుంది.

"బడికి," అంది. "పిల్లల భోజనం వేళైపోతోంది. వీళ్ళందర్నీ కూడా తీసుకుపోదాం, కూరగాయలు తరగడానికి."